గీతలు లేని లైనర్లు

ఓబులేసు కట్టిన ఇంజను మొదటి సెల్ఫుకే అందుకుంది. అయినా ఆ సాయంత్రానికి అతను ఎవరితోనూ మాట్లాడటం లేదు.

తాడిపత్రి శివార్లలో పక్కీరప్ప లారీ షెడ్డు ఉంది. పక్కీరప్పను అందరూ ఉస్తాద్ అంటారు. ఓబులేసు అతని దగ్గర చాలా ఏళ్లుగా పని నేర్చుకుంటున్నాడు. పెళ్లయింది, పిల్లలు బడికి పోతున్నారు, షెడ్డులో మాత్రం ఇంకా 'ఒరే' గానే ఉన్నాడు.

అక్కడ ఒక పద్ధతి ఉంది. ఇంజను మొత్తం విప్పి, ఒక్కడే కట్టి, రోడ్డు మీద బరువుతో తిప్పుకొచ్చి, పొగ లేకుండా ఓనరుకు అప్పజెప్పినవాణ్ని ఆ రోజు నుంచి ఉస్తాద్ 'మేస్త్రీ' అని పిలుస్తాడు. ఉస్తాద్ పిలిస్తే ఊళ్లో డ్రైవర్లందరూ పిలుస్తారు. ఆయన పిలవకపోతే ఎంత పని వచ్చినా పిలవరు.

ఈ ఇంజను సుంకమ్మ లారీది. ఆమె నాపరాళ్లు తోలిస్తుంది. ఉన్నది ఆ ఒక్క బండే. ఉస్తాద్ చెల్లెలి కూతురి పెళ్లికని బనగానపల్లె వెళ్తూ, పని మొత్తం ఓబులేసు చేతిలో పెట్టి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి ఇంజను బండిలో కూర్చుని ఉంది.

మొదటి స్టార్టు ఓబులేసు నేర్చుకున్నట్టే చేశాడు. ముందు డీజిలు ఆపి సెల్ఫు కొట్టించాడు. నూనె పైదాకా ఎక్కి, గేజిలో ముల్లు లేచాకే డీజిలు వదిలాడు. కొత్తగా కట్టిన ఇంజను పొడి గొంతుతో లేవకూడదని ఉస్తాద్ అంటుంటాడు. ఇంజను లేచింది. శబ్దం సమంగా ఉంది. ఎక్కడా ఒక్క చుక్క కారలేదు. ఉస్తాద్ తల ఊపాడు.

తర్వాత సగం లోడు వేసుకుని గుత్తి రోడ్డు పట్టాడు. కొత్త ఇంజనును నిలబెట్టి ఊరికే తిప్పితే లాభం లేదు. కాసేపు తొక్కాలి, కాసేపు వదలాలి, మళ్లీ తొక్కాలి. పిస్టన్ మీది రింగులు, అది ఆడే గొట్టం, అంటే లైనరు, లోపలి గోడకు ఒరుసుకుని కుదురుకునేది అప్పుడే. మొదట కాస్త నీలం పొగ వస్తుంది. రింగులు కుదురుకునేకొద్దీ అదే తగ్గిపోతుంది.

తగ్గలేదు. వెళ్లినప్పుడు ఎంత పొగో వచ్చినప్పుడూ అంతే. కొలపుల్ల తీసి చూస్తే నూనె దిగిపోయి ఉంది.

షెడ్డు ముందు నిలబడ్డ సుంకమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. "ఏమబ్బా, లారీ బాగుచేయమంటే దోమల మందు బండి చేసినావే."

మర్నాడు ఓబులేసు మళ్లీ తిప్పుకొచ్చాడు. ఆ మర్నాడు కూడా. ఇంకొంచెం తిరిగితే అదే సర్దుకుంటుందని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పాడు. చివరికి ఉస్తాద్ టీ తాగుతూ, మొదటి నుంచి ఏమేం చేశావో చెప్పమన్నాడు.

ఓబులేసు ఒక్కటీ వదలకుండా చెప్పాడు. క్రాంకు సంగతి చెప్పాడు, బేరింగుల సంగతి చెప్పాడు. లైనర్ల దగ్గరికి వచ్చేసరికి అతని గొంతు లేచింది.

"లైనర్లు తొలిచే బోరింగ్ షాపోళ్లు వాటి లోపలంతా గీతలు పెట్టి పంపించినారు ఉస్తాద్. ఐమూలగా ఒకటి, దానికి అడ్డంగా ఇంకొకటి. ఏం పని అది? సన్నం ఎమరీ కాగితం పెట్టి పొద్దుగూకేదాకా తోమినా. ముఖం చూసుకోవచ్చు, అట్ల చేసినా."

"అంత బాగా చేసినావా," అన్నాడు ఉస్తాద్. ఎగతాళిగా అనలేదు. గ్లాసు కింద పెట్టి, షెడ్డు వెనకే ఉన్న ఇంటివైపు తిరిగి భార్యతో చెప్పాడు. "బీబీ, రేపు మధ్యాన్నం పచ్చడి ఓబులేసు నూరుతాడు. మిక్సీ తియ్యొద్దు."

మర్నాడు మధ్యాహ్నం బీబమ్మ వేయించిన వేరుశనగ గింజలు, ఎండుమిరపకాయలు పళ్లెంలో తెచ్చి పెరట్లో పచ్చళ్లు నూరే సన్నెకల్లు పక్కన పెట్టింది. మిక్సీ వచ్చాక ఆ రాతిని పట్టించుకున్నవాళ్లు లేరు. దానిమీద బట్టలుతికి ఉతికి సబ్బుబిళ్లంత నున్నగా అయింది. నున్నబడ్డ రాళ్లకు ఉలితో గంట్లు కొట్టేవాళ్లు వీధుల్లోకి రావడం మానేసి చాలా కాలమైంది.

ఓబులేసుకు ఒళ్లు మండిపోయింది. మేస్త్రీ అనిపించుకోవాల్సినవాణ్ని నూరుడు గుండు, పొత్రం, పట్టమంటున్నారు. పైగా సుంకమ్మ లారీ సంగతి కనుక్కోవడానికి వచ్చి, పెరటి గుమ్మంలో కూర్చుని అంతా చూస్తోంది. ఎవరి పెళ్లికి వంట ఒప్పుకున్నావని అడిగింది.

ఓబులేసు పొత్రం తోశాడు. గింజలు జారి అవతల పడ్డాయి. మిరపకాయలు పొత్రం ముందు అటూ ఇటూ దొర్లాయి తప్ప నలగలేదు. బలం పెట్టాడు. పొత్రమే జారి వేలు చిట్లింది. నీళ్లు చిలకరిస్తే ఇంకా జారింది. చాలాసేపు తోశాక చూస్తే, రాతి మీద ఎర్రటి నీళ్లూ సగం నలిగిన గింజలూ ఉన్నాయి.

ఉస్తాద్ వచ్చి, ఒక ఉలీ సుత్తీ రాతి పక్కన పెట్టి వెళ్లిపోయాడు.

ఓబులేసు వాటివైపు కాసేపు చూశాడు. రాతిని కడిగి, తుడిచి, ఉలి ఆనించాడు. చిన్నప్పుడు వాళ్ల వాకిట్లో కూర్చుని గంట్లు కొట్టే మనిషిని చాలాసార్లు చూశాడు. ముందు ఒక వాలుకు కొట్టుకుంటూ వెళ్లాడు. తర్వాత దానికి అడ్డంగా ఇంకో వాలుకు కొట్టాడు. రాతిపొడి ఊది, మళ్లీ కడిగి, కొత్తగా గింజలు వేశాడు.

ఈసారి గింజ కదల్లేదు. పొత్రం చేతికి ఎదురు తిరుగుతూ నడిచింది. కాసేపటికి పచ్చడి మెత్తగా వచ్చింది. చేత్తో తీసి గిన్నెలోకి ఎత్తాడు. రాతిని బొటనవేలితో తుడిచాడు. ఎంత తుడిచినా గంట్లలో తడి అలాగే నిలిచి ఉంది.

ఓబులేసు చెయ్యి ఆగిపోయింది. ఒక వాలు మీద ఇంకో వాలు. ఆ అల్లికను అతను ఈమధ్యే చూశాడు. పొద్దుగూకేదాకా కూర్చుని తోమి పోగొట్టాడు.

లేచి చేతులు కడుక్కున్నాడు. షెడ్డులోకి వెళ్లి లారీ కిందికి దూరి, నూనె దింపడానికి గిన్నె పెట్టాడు.

సుంకమ్మ వెనకాలే వచ్చింది. రాళ్లు క్వారీలో కాసుకుని ఉన్నాయని, పొగ వస్తే రానీ, బండి తిరుగుతోంది కదా, తోలుకుపోతానని చెప్పింది. అతని పరువు పోకుండా ఇంకో మాట కూడా అంది. "ఓబులేసు మేస్త్రీనే కట్టినాడని నేనే నలుగురికీ చెప్తాలే."

లారీ కింద నట్టు వదులైన చప్పుడు వచ్చింది. నట్టు వదులైన చప్పుడు వచ్చింది. నూనె గిన్నెలో పడసాగింది.

"వద్దక్కా," అన్నాడు ఓబులేసు. "లైనర్లలో ఉండాల్సిన గీతలు నేనే చెరిపేసినా, రింగులకు పట్టు దొరకలే. ఇంజను మొత్తం విప్పాల."

సుంకమ్మ ఉస్తాద్ వైపు తిరిగింది. తిరుగుతున్న ఇంజనును ఎవరైనా విప్పుతారా, నువ్వైనా చెప్పమన్నట్టు చూసింది.

ఉస్తాద్ పచ్చడి గిన్నె చేతిలో పట్టుకుని లారీ పక్కన వంగాడు.

"ముందు అన్నం తిను, మేస్త్రీ."