లెక్కలోకి రాని దీపం

ఎవరైనా ప్రశ్న అడిగితే నెహెమ్యా మేష్టారు జవాబు వెతుక్కోరు, చెప్పులు వెతుక్కుంటారు. "పద నాయనా, నడుస్తూ మాట్లాడుకుందాం" అంటారు. తీరా నడిచినంతసేపూ నోరు విప్పరు. గుంటూరు మిరపచేల అంచున ఉన్న ఆ చిన్న యూదుల పేటలో ప్రార్థన నడిపించేది ఆయనే, పిల్లలకు హెబ్రీ అక్షరాలు దిద్దించేదీ ఆయనే. ఆయన దగ్గర ధర్మశాస్త్రం నేర్చుకునే యోవేలు బట్టలు కుట్టే మనిషి. వాదన అంటే చెవి కోసుకుంటాడు.

హనుక్కా పండగ మూడోనాటి సాయంత్రం ప్రార్థన అయ్యాక యోవేలుకు ఒక అనుమానం వచ్చింది. ఆ పండగకు రోజుకొక దీపం పెంచుకుంటూ ఎనిమిది రోజులు వెలిగిస్తారు. ఆ వెలుగులో పనులు చేసుకోకూడదు, ఊరికే చూసి సంతోషించాలి. అందుకని పక్కనే సేవక దీపమని ఇంకొకటి పెడతారు. మిగతా దీపాల్ని ముట్టించేది అదే, పనికి వెలుగిచ్చేదీ అదే.

"చాకిరీ అంతా దానిదే గదండీ! మరి దాన్ని లెక్కలో వెయ్యరేం? ఇదెక్కడి న్యాయం మేష్టారూ?"

మేష్టారు చెప్పులు వేసుకున్నారు. గూట్లోంచి నూనె సీసా కూడా తీసుకున్నారు.

ఇద్దరూ వెళ్ళి రూతమ్మ వాకిట్లో ఆగారు. మొన్న వానాకాలంలో ఆమె భర్త సీమోను పోయాడు. అప్పట్నుంచీ ఆమె నవ్వగా చూసినవాళ్ళు లేరు. వసారాలో బల్బు మాడిపోతే మార్చే మనిషి కూడా లేడు. లోపలి గదిలోంచి పడే మసక వెలుతురులోనే కూర్చుని ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తోంది. గోడవార ఒక గోనెసంచి, అందులో పాత గంగాళం, దాని పక్కన ఆమె తల్లి ఇచ్చిన ఇత్తడి దీపాల వరస సగం దూర్చి ఉన్నాయి.

"ఇదేందమ్మా?" అన్నారు మేష్టారు.

"పొద్దున్నే సామాన్లవాడు వస్తాడండి. పాత ఇత్తడికి స్టీలు బేసిన్లు ఇస్తాడంట."

"పండగ పూటా?"

"నాకేం పండగండీ." ఆమె తల ఎత్తలేదు. "దీపాలు వెలుగుతున్నంతసేపూ ఆడవాళ్ళు పని ముట్టకూడదని మీరే గదా చెప్పింది. ఆయన ఉన్నప్పుడు ఆ కాసేపూ ఆయన తొడిమలు తీసేవాడు, నేను కూర్చుని చూసేదాన్ని. ఇప్పుడెవరున్నారని వెలిగించాలి?"

యోవేలు గొంతు సవరించుకున్నాడు. ఆశ వదులుకోరాదని చెప్పే వాక్యాలు అతని నాలుక చివరే ఉన్నాయి. మేష్టారు కనుసైగతో ఆపేశారు.

"ఆచారం మాట నిజమేనమ్మా. కానీ అది ఆడవాళ్ళకు. మగవాళ్ళు పని చెయ్యకూడదని ఎక్కడా రాయలేదు. నువ్వు వెలిగించు."

ఆయనే దీపాల వరసను సంచిలోంచి లాగి, పైపంచెతో తుడిచి, నూనె పోశారు. అరగంట వెలిగితే చాలంటుంది శాస్త్రం. ఆయన అంచుదాకా పోశారు.

"అంతెందుకండీ?" అన్నాడు యోవేలు.

"చెయ్యి వణికింది నాయనా."

ఆ పొద్దున్నే మేష్టారు యోవేలు కొట్లో కూర్చుని, సన్న సూదిలో ఒక్కసారికే దారం ఎక్కించిన చెయ్యి అది.

పెద్దాయన మాట కాదనలేక రూతమ్మ వెలిగించింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆ చేతుల్ని ఏం చేసుకోవాలో తెలియక కూర్చుంది. మేష్టారు సేవక దీపాన్ని తన వైపు జరుపుకుని మిరపకాయల బస్తా ముందు బాసింపట్టు వేశారు. యోవేలూ పక్కన చేరాడు.

ఇక్కడ ఆయన పనితనాన్ని పొగడాలని నాకూ ఉంది గానీ, ఉన్నమాట చెప్పుకోవాలి. ఆయనకు ఆ పని రాదు. తొడిమతో పాటు సగం కాయ ఊడి వస్తోంది. గింజలు గడ్డంలో ఇరుక్కుంటున్నాయి. కాసేపటికి గడ్డం దురద పుట్టి గోక్కున్నారు, ఆ వేళ్ళతోనే కళ్ళు రుద్దుకున్నారు. మిరపకాయకు గురువని భక్తి ఉంటుందా? "అయ్యో, అయ్యో!" అంటూ లేచి వాకిలంతా గంతులేశారు. తుమ్మితే దీపాలు ఆరిపోతాయని ముక్కు మూసుకున్నారు. ముక్కు మూసుకున్న చెయ్యీ కారమే.

"రుద్దమాకండీ! రుద్దితే ఇంకా మండుద్ది! ఉండండి, పాలు తెస్తా!" అంటూ రూతమ్మ లేచింది.

"కూర్చో!" అని కళ్ళు మూసుకునే గద్దించారు మేష్టారు. "దీపాలు వెలుగుతున్నాయి! పని ముట్టకూడదు!"

అంతే, రూతమ్మకు నవ్వు ఆగలేదు. మొదట కొంగు అడ్డం పెట్టుకుంది, ఆ తర్వాత కొంగూ జారిపోయింది. పక్కింటి ఓబేదు ఏమైందోనని గోడ మీంచి తొంగి చూసి, పరిగెత్తి పాలు తెచ్చాడు. "మా ఆయనా ఇంతేనండీ! పెళ్ళయిన ఏడు సరిగ్గా ఇట్టాగే గంతులేశాడు!" అని చెబుతూ చెబుతూ ఆమె ఏడ్చింది, ఏడుస్తూనే మళ్ళీ నవ్వింది. ఆ నవ్వు వింటుంటే యోవేలుకు గుండె నిండిపోయింది.

దీపాలు ఆరేసరికి బస్తా సగం కూడా కాలేదు. మేష్టారు పాడుచేసిన కాయల్ని ఆమె విడిగా ఏరుకోవాల్సి వచ్చింది. "మనం చేసింది సాయమంటారా మేష్టారూ?" అని దారిలో యోవేలు అడిగాడు. మేష్టారు పైపంచెతో కళ్ళు ఒత్తుకుంటూ నడిచారు.

మర్నాటి సాయంత్రం యోవేలు ఉరుకుతూ వచ్చాడు. మేష్టారు పాలలో ముంచిన గుడ్డ కళ్ళ మీద వేసుకుని పడుకుని ఉన్నారు.

"రూతమ్మ దీపాల్ని అమ్మలేదండీ! సామాన్లవాడికి గంగాళం ఒక్కటే ఇచ్చిందంట. దీపాల వరస చింతపండు పెట్టి తోమింది, గుమ్మంలో మెరిసిపోతోంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని దర్జాగా కూర్చుందండీ. రేపు మిమ్మల్ని రమ్మంది. కాయలు ముట్టుకోవద్దంట, ఊరికే కూర్చుంటే చాలంట."

"ఎన్ని దీపాలున్నాయి?"

"నాలుగండీ."

"మరి ఓబేదు దేని వెలుగులో తొడిమలు తీస్తున్నాడు?"

ఓబేదు అక్కడున్నాడని తను చెప్పనే లేదే అని యోవేలు తెల్లబోయాడు. "సేవక దీపం వెలుగులోనండీ. దాన్ని నేను లెక్క..." అంటూ ఆగిపోయాడు.

మేష్టారు గుడ్డ తీసి, ఎర్రటి కళ్ళతో శిష్యుణ్ణి చూసి నవ్వారు.

"నువ్వు లెక్కపెట్టలేదని అదేమన్నా చిన్నబుచ్చుకుందా నాయనా?"