దూదమ్మ మెడలో గిలిగిచ్చ హారం

అల్లరి ఆపి కూర్చోండి. ఎక్కడో లేని రాజ్యంలో దుర్మార్గం జరిగిందంటే కళ్ళు ఇంతింత చేసుకొని వింటారు. మీరు రోజూ చేసే తప్పు చెబితే మాత్రం ఆవలిస్తారు! ఈ కథ మీకోసమే.

అనగనగా ఒక వెదురు అడవిలో దూదమ్మ అనే కుందేలు, దాని చెల్లెలు గరిక ఉండేవి. ఆ అడవికి కాపలాదారు జంగుపిల్లి. అందరూ మామా అని పిలిచేవారు. ఒకరోజు మామ కుందేళ్ళను పోగుచేశాడు.

"నేను మాంసం మానేశాను. తప్పిపోయిన వాళ్ళను ఇల్లు చేర్చడమే ఇక నా పని. ఈ హారం వేసుకోండి. ఎక్కడున్నా నాకు తెలుస్తుంది" అన్నాడు.

అది ఎండిన గిలిగిచ్చ కాయలను తీగకు గుచ్చిన హారం. కదిలితే చాలు, గలగలమంటుంది. వేసుకున్న వాళ్ళకు ఒక తీపి దుంప కూడా ఇస్తున్నాడు. దూదమ్మ అందరినీ తోసుకుంటూ వెళ్ళి మెడ చాచింది. గరిక వద్దంటున్నా వినక దానికీ కట్టించింది.

ఆ సాయంత్రం ముళ్ళపంది తాత కథ మొదలుపెట్టాడు.

"ఒక అడవిలో పులి రాజు ప్రతి జింక కాలికీ ఇనుప గజ్జె వేయించాడు. జింకలు ఏడ్చాయి."

"అయ్యో పాపం!" అంది దూదమ్మ. గలగల.

"తర్వాత అలవాటు పడ్డాయి."

"ఛీ, సిగ్గులేని జింకలు!" గలగల.

"ఆ తర్వాత గజ్జె లేని జింక కనబడితే, అవే వెళ్ళి పులికి చెప్పాయి."

"అబ్బబ్బ! ఇలాంటి అడవి ఎక్కడైనా ఉంటుందా తాతా?" గలగల గలగల.

గరిక పకపకా నవ్వింది. తాత మాత్రం నవ్వలేదు.

"నీ మెడలో ఏమిటమ్మా అది?"

"ఇదా? ఇది నగ, తాతా! వాళ్ళకు బలవంతంగా వేశారు. నేను ఇష్టపడి వేసుకున్నాను."

"అవునవును. వాళ్ళకు దుంప కూడా ఇవ్వలేదు పాపం" అన్నాడు తాత.

గరిక తన అక్క పక్కకు జరిగింది. "అక్కా, ఎవరి మెడ వాళ్ళకు అందదు. నాది నువ్వు కొరుకు, నీది నేను కొరుకుతా."

"మామ దుంప తిని మామకే ద్రోహమా? నోరు ముయ్యి!" అని కసిరింది దూదమ్మ.

చివరికి గరిక హారాన్ని తాతే కొరికాడు.

తెల్లవారగానే దూదమ్మ గంతులేస్తూ జంగుపిల్లి దగ్గరికి వెళ్ళింది. "మామా, మా గరిక హారం తీసేసింది. పుట్ట వెనక బొరియలో ఉంది."

"బంగారు తల్లివి!" అని మామ ఇంకో దుంప చేతిలో పెట్టాడు.

మామ రావడం గరిక ముందే చూసింది. ఆ బొరియ అక్కకు తప్ప ఇంకెవరికీ తెలియదు. చప్పుడు లేకుండా జారుకొని వాగు దాటి వెళ్ళిపోయింది. మామ ఉత్త కడుపుతో తిరిగి వచ్చాడు.

"దొరికిందా మామా?" దుంప నములుతూ అడిగింది దూదమ్మ.

"దొరకలేదమ్మా. ఆకలి దంచేస్తోంది."

"గడ్డి తినరాదూ? మాంసం మానేశావుగా!"

"మీరంతా నమ్మారని తెలుసు. కడుపే నమ్మడం లేదు" అని మామ గోళ్ళు బయటపెట్టాడు.

దూదమ్మ పరుగు తీసింది. పొదలో దూరింది. గలగల. వెదుళ్ళ మధ్య నక్కింది. గలగల. గోతిలో పడుకొని ఊపిరి బిగబట్టింది. గుండె కొట్టుకున్నా గలగలే! తీగ కొరకబోతే పళ్ళు అందలేదు.

"గరికా! ఓ గరికా! వచ్చి కొరకవే!" అని అరిచింది.

గరిక ఉంటే వచ్చేదే. కానీ అది వాగు అవతల ఉంది. తరిమింది ఈ అక్కే.

జంగుపిల్లికి వెతికే పనే పడలేదు. నేరుగా వచ్చి గోతిలో చెయ్యి పెట్టాడు. రెండు దుంపల కోసం దూదమ్మ తోడబుట్టినదాన్ని పోగొట్టుకుంది, ప్రాణమూ పోగొట్టుకుంది.

నీతి: కథలోని వాళ్ళ మీద జాలిపడే ముందు, మన మెడ ఒకసారి తడిమి చూసుకోవాలి.