మోకుకి వేలాడేది ఒక్కడు కాదు

అనగనగా ఒక ఊళ్ళో, ఎక్కడ తవ్వినా రాయే తగిలే ఊళ్ళో, బావులు తవ్వే ఎర్రన్న ఉండేవాడు. అతని పెళ్ళాం నాంచారి. ఇంట్లో ముసలి తల్లి, పాలు తాగే పిల్లాడు. ఎర్రన్న మోకు పట్టుకుని బావిలోకి దిగేవాడు. మోకంటే లావుపాటి తాడర్రా. పైన దాన్ని పట్టుకునేది నాంచారి తమ్ముడు తిరుమలయ్య. కింద మోకు కాస్త కదిలితే చాలు, పైన అతని చేతులకి తెలిసిపోయేది.

ఊ కొడుతున్నారా? కొట్టండి మరి, నేను గోడకి చెప్పుకుంటున్నట్టుంది.

ఆ ఊరినేలే రాజుగారికి ఏనుగుల పిచ్చి. నాకూ ఇష్టమే అనుకోండి. నా చిన్నప్పుడు ఒకటి మా అరటితోటంతా మేసి పోతుంటే మా నాన్న దానికి దణ్ణం పెట్టాడు. సరే, ఎక్కడున్నాం? రాజుగారి ఏనుగులు ఆ ఊరిమీదుగా వస్తున్నాయని కబురొచ్చింది. ఏనుగులకి నీళ్ళు కావాలి, నీళ్ళకి బావి కావాలి, బావికి లోతు కావాలి, లోతుకి ఎర్రన్న కావాలి. పనులు చూసే పెత్తందారుకి తొందర. తిరుమలయ్యని రాళ్ళు మొయ్యమని పంపేసి, మోకుకి ఎద్దుల్ని కట్టించాడు. ఎద్దులైతే గబగబా లాగుతాయన్నాడు. బావమరిది లేకుండా నేను దిగనని ఎర్రన్న అన్నాడు. దిగకపోతే ఊళ్ళో ఉండనివ్వనన్నాడు పెత్తందారు. దిగాడు. పైకొస్తుంటే కాలు రాళ్ళ సందులో ఇరుక్కుంది. ఆగమని మోకు కదిపాడు. ఎద్దులకేం తెలుస్తుంది? లాగేశాయి. మోకు చేజారింది.

ఆఁ, పోయాడు సుగుణా. ఏనుగులా? అవి వేరే దారిన వెళ్ళిపోయాయట.

నాంచారి పిల్లాణ్ణి చంకనేసుకుని, అత్త చెయ్యి పట్టుకుని, రాజుగారి దగ్గరికి బయల్దేరింది. వీధిలో ఒకావిడ మూతి తిప్పింది, మొగుడి చావుని అమ్ముకోడానికి పోతోందని. ముసలిది ఊరుకుంటుందా? "నీకేమే, నీ మొగుడు ఇంట్లో గురక పెడుతున్నాడుగా" అంది.

సభలో మంత్రిగారు శాస్త్రం చెప్పాడు. నష్టపోయినవాడే ఫిర్యాదు చెయ్యాలట. నష్టపోయింది ఎర్రన్న. అతను లేడు. కాబట్టి అతని ఫిర్యాదూ లేదు. ఎవరో కిసుక్కుమన్నారు కూడా.

నాంచారి ఏడవలేదు. మోకు పట్టడానికి మావాళ్ళు ఎవర్ని పెడతారో తెలుసా అని మంత్రిగారినే అడిగింది. బలమున్నవాణ్ణి, అన్నాడాయన.

"కాదు బాబూ. ఎంత బలవంతుడైన సొంత అన్నో తమ్ముడో ఉన్నా పెట్టరు, బావమరిదినే పెడతారు. ఆ మోకుకి తన తోబుట్టువు కూడా వేలాడుతోందని వాడికి తెలుసు గనక. నా మొగుడు పోగొట్టుకున్నదానికి నా మొగుడే రావాలంటారు, సరే. నేను పోగొట్టుకున్నదానికి నేనొచ్చాను. మా అత్త పోగొట్టుకున్నదానికి ఆవిడొచ్చింది. వీడికింకా మాటలు రాలేదు, ఎత్తుకొచ్చాను."

మంత్రిగారు తల దించుకున్నాడు. పెత్తందారు మాత్రం తప్పు ఎద్దులదే అన్నాడు. ఎద్దుల్ని ఎవరు కట్టమన్నారని రాజు అడిగాడు. నేనే అన్నాడు. ఎందుకని రాజు అడిగాడు. మీ ఏనుగుల కోసం అన్నాడు.

చివరికి రాజు, ఎర్రన్న ఉంటే ఆ ఇంటికి ఏం చేరేదో అదంతా చేరాలన్నాడు. ముసలమ్మ ఉన్నన్నాళ్ళూ, పిల్లాడు తన కాళ్ళమీద నిలబడేదాకా. సగం పెత్తందారు ఇవ్వాలి, సగం తన కొట్లోంచి. ఆ తప్పు మాది అని ఇద్దరూ ఊరందరి ముందూ ఒప్పుకున్నారు. ఇకమీదట పోయినవాడి కోసం ఇంటివాళ్ళు వస్తే, మీరెవరని అడక్కుండా వినాలని చాటింపు వేయించాడు.

మరి ఎర్రన్న తిరిగొచ్చాడా అంటావా? కథల్లో వస్తారు నాన్నా. ఈ కథలో రాలేదు.

ధాన్యం బండి ఇంటిముందు ఆగింది. "గెలిచామా అమ్మాయ్?" అని అడిగింది ముసలిది. గెలిచాం అత్తా, అంది నాంచారి. అయినా లోపలికి వెళ్ళడానికి ఇద్దరికీ కాళ్ళు రాలేదు. అరుగుమీదే కూర్చున్నారు, పిల్లాడికి ఆకలేసి ఏడ్చేదాకా. అప్పుడు లేచి పొయ్యి అంటించారు. ఆ ఇంట్లో పొయ్యి మళ్ళీ ఆరలేదు. పిల్లాడు పెరిగాడు. బాగానే ఉన్నారు, ఉండాల్సినంత.

మనిషిని పోగొట్టుకున్నవాళ్ళు న్యాయం అడిగితే, దాన్ని డబ్బాశ అనకండర్రా.

కథని కంచికి పంపించేశాను. మనం ఇంట్లోనే ఉన్నాంగా, దగ్గరికి జరగండి.