పేరయ్యగారి పొట్టలో క్రిమి

డాక్టర్ మస్తానమ్మగారికి అడిగిందే తడవుగా జవాబు చెప్పే అలవాటు లేదు. గుండెజబ్బుల విభాగంలో ఆవిడ శిష్యులందరికీ ఆ సంగతి తెలుసు. అయినా ఆ ఉదయం హరనాథ్ ఆగలేకపోయాడు. ఆవిడ వార్డులో అడుగు పెట్టీ పెట్టకముందే ఎదురెళ్లాడు.

“మేడమ్, పెద్దవయసువాళ్లలో రక్తనాళాలు పూడుకుపోవడానికి పొట్టలో ఉండే క్రిమి కూడా కారణమేనా? రెండూ కలిసి కనిపిస్తున్నాయని చదివాను. మన వార్డులోనూ అంతే!”

“ఏమో, చూద్దాం,” అని ఆవిడ రోగుల్ని చూడటానికి వెళ్లిపోయారు.

ఆ ‘ఏమో’ హరనాథ్ చెవికెక్కలేదు. కుర్రాడికి కాలు నేలమీద నిలవడం లేదు. తిన్నగా పేరయ్యగారి మంచం దగ్గరికి వెళ్లాడు. పేరయ్యగారు రిటైరైన బస్సు డ్రైవరు. గుండెపోటొచ్చి కోలుకుంటున్నారు, దానికి తోడు ఎప్పట్నుంచో కడుపులో మంట. ఆ క్రిమి ఉందని పరీక్షలో అప్పుడే తేలింది.

“పెద్దాయనా, దొంగ దొరికాడు! మీ జబ్బు వేరంతా పొట్టలోనే ఉంది. మందులు రాస్తాను, పీకేద్దాం!”

పేరయ్యగారు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టారు. అంత శుభవార్త ఆయనకి ఈ మధ్యకాలంలో ఎవరూ చెప్పలేదు మరి.

ఇంటికి వెళ్లి, పొట్ట మందులు ఒక్క పూట తప్పకుండా మింగి, అవి అయిపోయాక భార్య నాంచారమ్మని వెంటబెట్టుకుని ఆయన మళ్లీ ఆస్పత్రికి వచ్చారు. చేతిలో బందరు లడ్డూల పెట్టె.

“మంట మటుమాయం డాక్టరుబాబూ! నిన్న ఆవకాయన్నం తిన్నాను!”

హరనాథ్ ఏనుగెక్కినంత సంబరపడ్డాడు. లడ్డూ నోట్లో వేసుకుని, ‘చూశారా’ అన్నట్టు గురువుగారి వైపు తిరిగాడు. మస్తానమ్మగారు పేరయ్యగారి ముఖంలోకి చూస్తున్నారు.

“గుండె మాత్రలు వేసుకుంటున్నారా?”

“అవింకా ఎందుకండీ, జబ్బు వేరునే పీకేశాక! మా వియ్యంకుడికీ గుండెజబ్బేగా. పారేయడం దేనికని అమ్మాయి సారెలో పెట్టి పంపించేశాం,” అన్నారాయన గర్వంగా.

నర్సులు ఫక్కున నవ్వారు. హరనాథ్ మాత్రం నోట్లో లడ్డూ గబగబా మింగేశాడు. ఏదో చెప్పబోయేంతలో పేరయ్యగారు ఛాతీ పట్టుకుని కుర్చీలోంచి పక్కకి ఒరిగిపోయారు. ఒళ్లంతా చెమటలు.

ఆ తర్వాత అంతా పరుగే. హరనాథ్ స్ట్రెచరు తోస్తూనే ఉన్నాడు. మూసుకుపోయిన నాళాన్ని మస్తానమ్మగారు తెరిచేదాకా అతను అక్కణ్నుంచి కదల్లేదు. బయట నాంచారమ్మ ఏడుస్తూనే కూతురికి ఫోన్ చేసి, “ఆ మాత్రలు మీ మావయ్యగారి చేత మింగించకే తల్లీ!” అని కేకలేసింది.

గండం గడిచింది. పేరయ్యగారు కళ్లు తెరిచి మంచినీళ్లడిగారు. హరనాథ్‌కి ఏడుపొచ్చినంత పనైంది. తలుపు బయట గురువుగారి ముందు నిలబడి, “మాత్రలు మానేయమని నేను చెప్పలేదు మేడమ్,” అన్నాడు నెమ్మదిగా.

మస్తానమ్మగారు చేతి తొడుగులు తీస్తూ అన్నారు: “నువ్వడిగినదానికి జవాబు నాకింకా తెలియదు నాయనా. ఆయనకి నువ్వు చెప్పేశావు.”