చీమలు చూపిన బండిదారి

పొద్దు వాలే వేళ. గాలి లేదు. మబ్బు లేదు. వేసవి వేడి ఇంకా నేలను విడవలేదు.

అనగనగా ఒక ఊళ్ళో, అలాంటి ఒక సాయంకాలం, బడికి వెళ్ళిన పన్నెండుమంది పిల్లల్లో పదకొండుమందే నడిచి ఇల్లు చేరారు. పన్నెండో పిల్లను ఎత్తుకుని తెచ్చారు.

ఆ పిల్ల పేరు కనకం. తల్లి పేరు చెంచమ్మ. వడ్లు దంచి బతికే మనిషి. కూతురి పాదంలోంచి గాజుపెంకు తీసింది. పెంకును కడిగి కొంగున కట్టుకుంది.

ఆ ఊరు గాజులకు పేరు. ఊళ్ళో మూడు గాజుల బట్టీలు ఉండేవి. బట్టీల్లో పగిలినదీ మాడినదీ పారబోయడానికి పురపాలక సభ గుట్ట అవతల ఒక గొయ్యి తవ్వించింది. గుట్ట ఎక్కి దిగడానికి ఎడ్లకు ఒక పూట పడుతుంది. ఎండిన వాగు మాత్రం ఊరి పక్కనే ఉంది. పిల్లల బడిదారి ఆ వాగులోంచే.

ఎవరో గుట్ట ఎక్కడం మాని వాగులో పోస్తున్నారు. ఎవరని అడిగితే మూడు బట్టీలవాళ్ళూ పక్కవాడిని చూపించారు.

మర్నాడు చెంచమ్మ సభకు వెళ్ళింది. కొంగు విప్పి పెంకును సభాపెద్ద గోవర్ధనయ్య ముందు పెట్టింది. ఆయన మంచివాడు. కాస్త నిదానం. ఆయన పక్కన భద్రయ్య కూర్చుని ఉన్నాడు. మూడు బట్టీల్లో పెద్దది భద్రయ్యదే. పెంకును చూసి అందరికంటే ఎక్కువ నొచ్చుకున్నదీ ఆయనే. ఇలాంటివాళ్ళను ఊరికే వదలకూడదని, గట్టి జరిమానా వెయ్యాలని ఆయనే ముందు అన్నాడు.

సభ దండోరా వేయించింది. వాగులో చెత్త పోసినవాడికి వంద వరహాల జరిమానా అని చాటించారు. డప్పు మూడు రోజులు మోగింది. నాలుగో రోజు వాగులో కొత్త కుప్ప ఉంది.

రెండోసారి సభ తలారి ఓబులును కాపలా పెట్టింది. ఓబులు చెడ్డవాడు కాడు. కర్ర పట్టుకుని తెల్లవారినప్పటి నుంచి చీకటి పడేదాకా వాగు ఒడ్డున నిలబడ్డాడు. చీకటి పడ్డాక ఎడ్లు వాగులోకి దిగవు. అయినా కుప్ప పెరిగింది.

కన్ను మూయలేదక్కా, ఒట్టు, అన్నాడు చెంచమ్మతో. మరి మధ్యాహ్నం అన్నం ఎక్కడ తింటున్నావని ఆమె అడిగింది. ఎండలో కూర్చుని తినడం ఎందుకని భద్రయ్యగారే పిలిచి తన అరుగు మీద విస్తరి వేయిస్తున్నారని, పప్పులో నెయ్యి కూడా వేయిస్తున్నారని చెప్పాడు. చెప్పి ఆగాడు. కర్ర వైపు చూశాడు. తరవాత నేల వైపు చూశాడు.

ఆ రోజు నుంచి ఓబులు చద్దిమూట తెచ్చుకుని వాగు ఒడ్డునే తిన్నాడు. పది రోజులు ఒక్క గంపెడు చెత్త పడలేదు. పీడ వదిలిందని సభ అతన్ని సంతలో కాపలాకు పంపింది. ఉన్నది ఒక్క తలారి, ఊరికి నాలుగు దిక్కులు. అతను సంతకు వెళ్ళిన మర్నాడే వాగులో మళ్ళీ గాజుపెంకులు మెరిశాయి.

చెంచమ్మ మళ్ళీ సభకు వెళ్ళి, ఓబులు తిన్న భోజనం సంగతి చెప్పింది. ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టడం నేరమా అని భద్రయ్య సభను అడిగాడు. తరవాత ఆమె వైపు తిరిగాడు.

"నా బండిని వాగులో ఎవరు చూశారు, చెంచమ్మా? సాక్షిని తీసుకురా. లేకపోతే నీ రోకలి వచ్చి చెబుతుందా?"

కొందరు నవ్వారు. గోవర్ధనయ్య నవ్వలేదు. సాక్షి లేకుండా తీర్పు చెప్పలేనని మాత్రం అన్నాడు.

చెంచమ్మ ఆలోచించింది. మనిషి కనబడితే బండి వెనక్కి తిరుగుతుంది. మనిషి లేకపోతే సాక్షి లేదు. అయితే సాక్షి మనిషి కాకూడదు.

ఊరి నుంచి దారి వాగులోకి దిగే చోట, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ముగ్గు వేస్తానని సభకు చెప్పింది. ముగ్గే కదా వేసుకోనివ్వండని భద్రయ్యే అందరికంటే ముందు ఒప్పుకున్నాడు.

దంపుళ్ళ వీధి ఆడవాళ్ళు ఇంటికి ఒక దోసెడు నూకలు ఇచ్చారు. చెంచమ్మ వాటిని మెత్తగా విసిరింది. నీళ్ళకు బదులు బెల్లం పాకం పోసి జిగురుగా కలిపింది. పిల్లలు బడికి వెళ్ళాక ఆ చోట వెడల్పుగా, దళసరిగా ముగ్గు పెట్టింది. పెట్టి, రోకలి దగ్గరికి వెళ్ళిపోయింది.

మిట్టమధ్యాహ్నం బండి వచ్చింది. ముగ్గు దగ్గర బండివాడు ఎడ్లను ఆపాడు. నిండు బండిని వెనక్కి తోలుకుపోయి, ముగ్గు తొక్కితే మా అమ్మ ఇంట్లోకి రానివ్వదని భద్రయ్యతో చెప్పాడు. భద్రయ్య మండిపడ్డాడు. తనే బండి ఎక్కి కూర్చున్నాడు.

"పిండిగీతకు జడిసి ఎడ్లను ఆపుతావురా? తోలు."

బండి ముగ్గును తొక్కింది. చెత్త పోసింది. మళ్ళీ ముగ్గును తొక్కుకుంటూ ఇంటికి పోయింది.

మధ్యాహ్నపు సుడిగాలి దుమ్ము లేపి బండి చక్రాల జాడలను చెరిపేసింది. చెరపకపోయినా ఆ ఊరి వీధుల్లో అలాంటి జాడలు వెయ్యి ఉంటాయి. కాని పొద్దు వాలి నేల చల్లబడ్డాక చీమలు బయటికి వచ్చాయి. పడమట మబ్బు కూడా లేచింది.

చెంచమ్మ వాగు దగ్గరికి వచ్చి చూసింది. ముగ్గు దగ్గర మొదలైన చీమల బారు, నల్లదారంతో కుట్టినట్టు, సన్నగా ఊళ్ళోకి పోతోంది.

ఆమె బారు వెంట వెళ్ళలేదు. తిన్నగా సభకు వెళ్ళింది. అప్పటికే సభ ముగిసి అందరూ లేవబోతున్నారు. ఆమె మాట విని, రేపు పొద్దున చూద్దాం లేమ్మా అన్నాడు గోవర్ధనయ్య.

చెంచమ్మ వాకిలికి అడ్డంగా నిలబడింది.

"రేపటికి వాన పడుతుంది. వాన పడితే నా సాక్షి ఉండదు. పిల్లలు మాత్రం రేపు కూడా అదే దారిన నడవాలి. ఇప్పుడే రండి. మీరు కదిలేదాకా నేను కదలను."

సభతో అలా మాట్లాడినవాళ్ళు అంతకుముందు లేరు. గోవర్ధనయ్య ఆమె ముఖం చూశాడు. చేతికర్ర అందుకున్నాడు.

భద్రయ్యతో సహా అందరూ నడుములు వంచి నేలను చూస్తూ నడిచారు. చీమల బారు సంతవీధి దాటింది. అక్కడ కాపలా ఉన్న ఓబులూ వెంట వచ్చాడు. మొదటి బట్టీ వాకిలి దాటింది. రెండో బట్టీ వాకిలి దాటింది. అడుగడుగుకీ భద్రయ్య వెనకబడ్డాడు. బారు మూడో వాకిలిలోకి తిరిగి, బండికొట్టంలోకి దూరి, చక్రం మీదికి పాకింది. ఓబులు వంగి చక్రం మీద గోటితో గీకాడు. ఎండిన పిండి ఊడింది. పిండిలో పచ్చటి గాజుపెంకులు.

"చీమలు కూడా సాక్షులేనా అయ్యా?" అన్నాడు భద్రయ్య. "బెల్లం ఉంటే ఎక్కడికైనా పోతాయి."

"పోతాయి," అంది చెంచమ్మ. "మీ బండి మోసుకొచ్చిన బెల్లం కోసం మీ కొట్టానికి వచ్చాయి. మీ నెయ్యి తినని సాక్షి ఊళ్ళో ఇదొక్కటే దొరికింది భద్రయ్యగారూ."

ఓబులు తలపాగా సర్దుకుని పక్కకు చూశాడు. తొలి చినుకు పడింది.

జరిమానా ఇప్పుడే కట్టేస్తాను, ఇంతటితో వదిలెయ్యండని భద్రయ్య బతిమాలాడు. జరిమానా ఎలాగూ తప్పదన్నాడు గోవర్ధనయ్య. దెబ్బ తిన్నది నీ బిడ్డ, నీకేం కావాలో చెప్పమ్మా అని చెంచమ్మను అడిగాడు.

ఆమె భద్రయ్య చెప్పుల వైపు చూసింది.

"రోజూ పొద్దున, పిల్లలు బయలుదేరకముందు, ఆయన చెప్పుల్లేకుండా ఆ దారిన నడవాలి. ఈ చివర నుంచి ఆ చివరిదాకా. ఆయన పాదానికి ఏమీ గుచ్చుకోని రోజున మా పిల్లలను పంపుతాం."

అదే తీర్పు అన్నాడు గోవర్ధనయ్య. మూడు బట్టీలవాళ్ళకూ వంతులవారీగా ఇదే కట్టడి అని మర్నాడు డప్పు వేయించాడు.

మొదటి రోజు భద్రయ్య నాలుగు అడుగులు వేసి ఆగిపోయాడు. కూలీలను పిలిచాడు. వాళ్ళతోపాటు తనూ వంగి పెంకులు ఏరాడు. పిల్లలు ఒడ్డున వరసగా కూర్చుని చూశారు. కింద చూసి నడు తాతా, అని కనకం హెచ్చరించింది. ఆయన తల ఎత్తలేదు, కాని చూసే నడిచాడు. బండ్లు గుట్ట ఎక్కి దిగాయి. తొమ్మిదో రోజున ఆయన చివరిదాకా నడిచి, ఆ ఒడ్డున నిలబడి పాదాలు తిప్పి చూసుకున్నాడు. నెత్తురు లేదు.

ఆ రోజు పిల్లలు బడికి వెళ్ళారు.

పారబోసేవాడే ఆ దారిన అందరికంటే ముందు నడవాల్సి వస్తే, ఏ దారీ చెత్తకుప్ప కాదు. ఆ ఊరు నేర్చుకున్న నీతి అదే.

సాయంకాలం చెంచమ్మ వాగు ఒడ్డున నిలబడి వేళ్ళు మడిచింది. ఒకటి. రెండు. మూడు. అల్లరిగా తోసుకుంటూ వచ్చినవాళ్ళను మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది. తొమ్మిది. పది. పదకొండు.

కాస్త కుంటుతూ, తన కాళ్ళతో తనే నడుస్తూ, పన్నెండు.