పదకొండో అధ్యాయంలో ఉత్తరం

త్రినాథరావు తాపత్రయమంతా ఒక సంతకం కోసం.

యుద్ధం మీద వచ్చిన ఒక ఆరువందల పేజీల నవలకు అతను ఇరవై రెండు పేజీల విమర్శ రాశాడు. దాని కింద గవర్రాజు మాస్టారు "బాగుంది" అని ఒక్క ముక్క రాసి సంతకం పెడితే, పట్నం కాలేజీలో తెలుగు లెక్చరరు ఉద్యోగం దాదాపు వచ్చినట్టే. వయసు ముప్పై నాలుగు. అంతకుముందు నాలుగుసార్లు ఇంటర్వ్యూకు వెళ్ళి, నాలుగుసార్లూ టీ తాగి తిరిగొచ్చాడు. ఎలా జరిగిందని అడిగితే టీ బాగుందని చెప్పేవాడు.

ఏడేళ్ళుగా ఆదివారం ఆదివారం బస్సెక్కి జన్నివలస వచ్చి మాస్టారి దగ్గర పాఠం చెప్పించుకుంటున్నాడు. ఈ ఏడేళ్ళలో ఒక్క మెచ్చుకోలు కూడా వినలేదు. మాస్టారు ఆ విషయంలో పరమ పిసినారి. సర్పంచి తన షష్టిపూర్తికి ఒక పద్యం రాయమని వస్తే, "అరవై నిండాయిగా, అది చాలదా?" అని పంపించేసిన మనిషి.

తెలుగు పంతులు కాకముందు ఆయన పన్నెండేళ్ళు పటాలంలో గుమాస్తాగా చేశారు. తుపాకీ పట్టని సిపాయి అని ఊళ్ళోవాళ్ళు వెనకాల నవ్వుకునేవాళ్ళు. ఆ నవ్వేవాళ్ళలో సగం మంది చేలో పందులు పడితే పెళ్ళాన్ని పంపే రకం.

ఆ ఉదయం త్రినాథరావు వ్యాసం పైకి చదివాడు. మాస్టారు కళ్ళు మూసుకుని విన్నారు. ఐదో పేజీకి వచ్చేసరికి శిష్యుడి గొంతు లేచింది. ఆ పేజీ అంటే అతనికి మహా ముద్దు. నవల పదకొండో అధ్యాయంలో ఒక సిపాయి చనిపోతాడు, తల్లికి పటాలం నుంచి ఉత్తరం వస్తుంది. దాన్ని చీల్చి చెండాడాడు.

"'మీ కుమారుడు ధైర్యంగా పోరాడి, ఏ బాధా లేకుండా కన్నుమూశాడు.' ఎంత అరిగిపోయిన వాక్యం! అబద్ధమే రాయదలిస్తే కొత్త అబద్ధమైనా రాయవలసింది. రచయిత కలం ఇక్కడ నిద్రపోయింది."

చదివి కాసేపు ఆగాడు, మెచ్చుకోవడానికి వీలుగా.

మాస్టారు కళ్ళు తెరిచారు. "ఆ ఉత్తరంలో ముక్క మళ్ళీ చదువు."

చదివాడు.

"ఊఁ" అన్నారు మాస్టారు.

అంతలో వాకిట్లోంచి గౌరమ్మ కేకేసింది. ఎనభై దాటిన మనిషి. ఊళ్ళో ఆవిడ పోట్లాడని వాళ్ళు లేరు. వాళ్ళలో ఇద్దరు చచ్చిపోయి పదేళ్ళయినా వాళ్ళతో ఇంకా మాటల్లేవు. యుద్ధంలో పోయిన కొడుకు బంగారునాయుడి తద్దినం నాడు ఏటా పటాలం ఉత్తరం పట్టుకొచ్చి మాస్టారి చేత చదివించుకుంటుంది. ఈసారి ప్లాస్టిక్ కవరులోంచి మూడు ముక్కలు తీసింది. ఆఫీసరు సంతకమున్న నాలుగో ముక్క మాత్రం బయటికి తియ్యలేదు.

"మడతల కాడ చిరిగిపోనాది బాబూ. కొత్త కాయితం మీద రాసిపెట్టు."

మాస్టారు ఆ ముక్కలు అందుకుని, శిష్యుడికి చూపించకుండా జేబులో పెట్టుకున్నారు. "మావాడు రాస్తాడమ్మా. నాకంటే చదువుకున్నవాడు. కూర్చో."

లోపలికొచ్చి తెల్లకాగితాలూ కలమూ త్రినాథరావు ముందు పెట్టారు.

"పాత ఉత్తరం చూడనిస్తే..."

"అది నీకెందుకు? జరిగింది నేను చెబుతాను. మాటలు నీవి."

మాస్టారు గొంతు బాగా తగ్గించారు.

"యుద్ధం మూడో రోజు. పొద్దున ఎనిమిదికి వాడు టీ బకెట్టు మోసుకొస్తున్నాడు. నీళ్ళ లారీ వెనక్కి వస్తూ గోడకేసి నొక్కేసింది. మన లారీయే. సాయంత్రం దాకా బతికే ఉన్నాడు. సాయంత్రం దాకా అమ్మా, అమ్మా అని అరుస్తూనే ఉన్నాడు. నా గుడారం పక్కనే. ఊఁ, రాయి."

త్రినాథరావు కలం తీసుకున్నాడు. "లారీ" అని రాసి కొట్టేశాడు. కాగితం మార్చాడు. "అమ్మా" అని రాసి, దాన్నీ మార్చాడు. మూడో కాగితం మీద తేదీ వేసి చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాడు. బయట గౌరమ్మ, మాస్టారి వాకిలి ఊడ్చిన మనిషికి చీపురు పట్టడం రాదని గోడకు చెబుతోంది.

నాలుగో కాగితం మీద గబగబా రాసేశాడు.

"వెళ్ళి చదివి వినిపించు" అన్నారు మాస్టారు.

అతను వాకిట్లో నిలబడి చదివాడు. "మీ కుమారుడు ధైర్యంగా పోరాడి..."

గౌరమ్మ పెదవులు అతనికంటే ముందు నడిచాయి. "ఏ బాదా నేకుండా కన్నుమూశాడు. అదే బాబూ, అదే. ఒక్క మాట తప్పునేదు."

కాగితం కవరులో పెట్టుకుని మెట్టు దిగింది. దిగి, వెనక్కి తిరిగింది.

"నొప్పి తెలీకుండా పోనాడు, మంచిదే. కానీ ఎంత మొండోడో సూడు బాబూ. పోతాపోతా ఒక్కపాలైనా అమ్మా అన్నాడు కాడు."

ఆవిడ వీధి మలుపు తిరిగేదాకా త్రినాథరావు అక్కడే నిలబడ్డాడు. లోపలికి వచ్చేసరికి వ్యాసం చివరి పేజీ కింద "బాగుంది" అని ఉంది. సంతకమూ ఉంది. సిరా ఇంకా ఆరలేదు.

"ఐదో పేజీ తీసేస్తాను మాస్టారూ."

"ఎందుకు? సరిగానే రాశావు." మాస్టారు కలానికి మూత పెట్టారు. "ఆ వాక్యం నాకూ నచ్చలేదు నాయనా. పదిహేడు ఇళ్ళకు రాశాను."