సూరీడమ్మవి డెబ్బై రెండు ఫొటోలు

మనిషి ముఖాన్ని చదవడంలో బొబ్బిలి మొత్తం మీద నన్ను మించినవాడు లేడు. మొత్తం మీద అంటే, మా స్టూడియోలో. అక్కడ ఉండేది మా గురువు సన్యాసిరావు మాస్టారూ, నేనూ. ఆయన్ని పోటీలోంచి నేనే తప్పించాను.

ఇంత చదువు ఉన్నవాణ్ణి కాబట్టే, ఆరేళ్ళ పాటు ఒకే మనిషిని ఫొటోలు తీశాను: పిండిమర నడిపే సూరీడమ్మను. నెలకొకటి చొప్పున డెబ్బై రెండు ఏరి, అచ్చు వేయించి, స్టూడియో గోడకి తగిలించాను. మాస్టారు సరేనంటే ఆదివారం గ్రంథాలయం హాల్లో ప్రదర్శన. అందుకే గురువారం అడిగాను.

"మాస్టారూ, ఒక మనిషి జీవితాన్ని పూర్తిగా తీశామని ఎలా తెలుస్తుంది?"

మాస్టారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. "వెళ్ళి ఆవిణ్ణి పిలుచుకురా" అన్నారు.

"ఆవిడకి ఫొటోల గురించి ఏం తెలుసండీ?"

"ఆవిడ గురించి నీకేం తెలిసిందో చూసుకుంటుంది. వెళ్ళు."

సూరీడమ్మ మర ఆపి, మొహం కడుక్కుని వచ్చింది. చేతులు వెనక్కి కట్టుకుని మొదటి ఫొటో నుంచి చూడటం మొదలుపెట్టింది. పిండి రేగిన వెలుగులో కనుబొమలు తెల్లబడి, ఎటో చూస్తూ ఒకటి. బస్తాకి ఆనుకుని ఒకటి. జల్లెడ మీద చెయ్యి మరిచిపోయి ఒకటి. ఇరవయ్యోదాని దగ్గర నిట్టూర్చింది. నలభయ్యోదాని దగ్గర నడుం మీద చెయ్యి వేసుకుంది. చివరిదాకా వెళ్ళి నాకేసి తిరిగింది.

"ఏటి బాబూ ఇది? ఎవులు పోనారని ఆరేళ్ళూ నాను ఇలా కూకున్నాను?"

"అది... జీవితపు బరువమ్మా" అన్నాను.

"బరువా? బరువు ఆ పక్కనున్న బస్తాకి ఉంటాది. నాకేటి? ఇవి ఊరికి సూపిస్తే 'అయ్యో పాపం సూరీడమ్మ' అంటారు. నా మర కాడికి గింజలు ఆడించుకోడానికి రావాలి గానీ, జాలి పడ్డానికి కాదు. తీసీ, గోడ మీంచి అన్నీ తీసీ!"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆరేళ్ళ కష్టం! తుమ్ములతో పిండి మింగి, ఆ మర హోరుకి చెవులు గింగురుమంటూ తీసినవి! "మాస్టారూ, మీరైనా చెప్పండి" అంటూనే కెమెరా కంటికి ఆనించాను. ఎందుకంటే సూరీడమ్మ మొహం చిటపటలాడుతూ ఎంత బాగుందో! డెబ్బై మూడోది దొరికినట్టే.

మాస్టారు గోడ వెంట నింపాదిగా నడిచి, "ఏమ్మా, మావాడు వచ్చినప్పుడల్లా నీకు పంటి నొప్పా?" అన్నారు.

సూరీడమ్మకి నవ్వు ఆగలేదు. పమిట నోటికి అడ్డం పెట్టుకుని, గోడ పట్టుకుని, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా పకపకా నవ్వింది.

నేను కెమెరా దించాను.

మాస్టారు నవ్వుతున్న ఆవిణ్ణి చూడలేదు, నా చేతిని చూశారు. "ఎందుకు దించావురా?"

వెలుగు చాలలేదని చెబుదామనుకున్నాను. కిటికీ నిండా ఎండ.

"నవ్వు ఆగాక తీద్దామని" అన్నాను. "ఎప్పుడూ అంతే మాస్టారూ. ఈవిడ తెగ నవ్వుతుంది. ఒక్కోసారి గంటసేపు కాచుకుని కూర్చునేవాణ్ణి."

మాస్టారు గోడ మీంచి ఒక ఫొటో ఊడదీసి నా చేతిలో పెట్టారు.

"మరి ఈ మొహం ఎవరిదిరా?" అన్నారు.